బూట్ల సౌఖ్యంపై సంఘం వారి తీర్పు

మానవజాతి పాదాలకు ఈ భూమ్మీద ఎక్కడైనా న్యాయం జరిగిందంటే, అది ఆస్ట్రియా దేశపు టైరోల్‌లోని హింటర్‌ఫెల్స్ లోయలో, పాదరక్షల సౌఖ్య సామర్థ్య తులనాత్మక పరిశీలనా సంఘం వారి చేతుల మీదుగానే జరిగింది. (ఈ మాట సంఘం వారే అన్నారు. ఈ విషయంలో తమకన్నా తెలిసినవాళ్ళు లోయలో లేరని కూడా వారే అన్నారు.)

మంచు మీద జారడానికి స్కీ బూటు మేలా, స్నోబోర్డు బూటు మేలా అన్నది సంఘం తేల్చవలసిన సంగతి. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డొల్ల. ఇనుప బిగింపులు వేశాక కాలు దాని స్వాధీనంలోకి పోతుంది, యజమానికి మళ్ళీ సాయంత్రమే దక్కుతుంది. స్నోబోర్డు బూటు మెత్తన, లేసులు కట్టుకుంటే దిండులో కాలు పెట్టినట్టు ఉంటుంది. ఏది హాయో మామూలు మనుషులు ఈపాటికే చెప్పేసేవారు. అందుకే మామూలు మనుషులను సంఘంలోకి తీసుకోలేదు.

ఈ తగువు తెచ్చిపెట్టింది నోట్‌బుర్గా. స్కీ బడిలో పసిపిల్లల టీచరు. పేరుకు స్కీ టీచరే గాని ఆవిడ స్కీ చేసేదెక్కడ? పొద్దుటి నుంచి మంచులో నిలబడి, పడ్డ పిల్లను లేపి, ముక్కు తుడిచి, ఆ పిల్ల మళ్ళీ పడేదాకా పక్క పిల్లను లేపడమే పని. ఆ నిలబడటం అంతా స్కీ బూట్లలోనే. కుడి కాలి బొటనవేలి గోరు ఊడి చాలా కాలమైంది, ఇప్పుడు కీలు కూడా బిగుసుకుపోయింది. ఇంకో చలికాలం ఈ బూట్లు తొడిగితే ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత కొండ మీద ఉద్యోగం మర్చిపొమ్మనీ డాక్టరు చెప్పేశాడు. ఆ ఉద్యోగం తప్ప ఆవిడకు వేరే బతుకు తెలియదు. స్నోబోర్డు బూట్లు తొడుక్కుని నిలబడనివ్వండి చాలని సంఘాన్ని అడిగింది.

సంఘం ముందుగా సౌఖ్యం అంటే ఏమిటో నిర్వచించింది. నొప్పి ఉన్నట్టు సంఘం ఎదుట రుజువు కాకపోవడమే సౌఖ్యం. ఆ తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. సభ్యులు నలుగురూ స్కీ బూట్లు తొడుక్కుని, హీటరు పక్కన సోఫాలో కూర్చుని, కాళ్ళు బల్ల మీద చాపి కాఫీ తాగారు. ఎవరికీ నొప్పి కలగలేదు. ఇక సామర్థ్యం. స్నోబోర్డు బూట్లను తెచ్చి స్కీలకు తగిలించి చూశారు. తగల్లేదు. తిప్పి చూశారు, సుత్తితో కొట్టి చూశారు, అయినా తగల్లేదు. సున్నా మార్కులు వేశారు. (స్కీ బూట్లను స్నోబోర్డుకు తగిలించి చూడలేదు. అలా చూడటం సంప్రదాయాన్ని అవమానించడం అవుతుంది.)

"హోఫ్రాట్ గారూ, కూర్చుంటే ఏ బూటైనా బాగానే ఉంటుందండీ. నేను నిలబడాలి కదా!" అంది నోట్‌బుర్గా.

అధ్యక్షుడు ఎగిడ్ ప్రామ్‌స్టాలర్‌కు హోఫ్రాట్ అని ప్రభుత్వం వారి బిరుదు ఉంది. లోయలో ఆయన భార్య కూడా బిరుదుతోనే పిలుస్తుంది.

"నోట్‌బుర్గా గారూ, నిలబడటం మీ వ్యక్తిగత అలవాటు. సంఘం దాంట్లో జోక్యం చేసుకోదు," అన్నారు హోఫ్రాట్ గారు.

ఆవిడకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆయనే పోయిన ఆదివారం కొండ మీద, లిఫ్టు దగ్గర లైన్లో, ఆవిడ భుజం పట్టుకుని, "అబ్బా బుర్గీ, చచ్చిపోతున్నానే ఈ బూట్లతో!" అని మూలిగారు.

ఆ కొండల్లో ఒక కట్టుబాటుంది. వెయ్యి మీటర్ల ఎత్తు అని రాసిన పలక దాటి పైకి వెళితే గారూ లేదు, అండీ లేదు, బిరుదూ లేదు. అందరూ అందరికీ నువ్వే. దిగితే మళ్ళీ మీరే. పైన అన్న మాటను కింద ఎత్తడం మర్యాద కాదు. బూట్లేమో పైనే నొప్పి పెడతాయి, సంఘం ఆఫీసేమో కింద ఉంది. ఇన్నేళ్ళుగా లోయలో ఒక్క ఫిర్యాదూ రుజువు కాకపోవడానికి కారణం ఇంతే.

నోట్‌బుర్గా ఆలోచించింది. సంఘం సమావేశం ఒకటి పైనే, మంచులోని విడిది హోటల్లో పెట్టమని కోరింది. క్షేత్ర తనిఖీ అనే మాట వినగానే నలుగురికీ భోజనం గుర్తొచ్చింది. ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ తన పసిపిల్లల గుంపును మరో టీచరుకు అప్పగించి వచ్చేసరికి, సంఘం బల్ల చుట్టూ చేరి ఉంది. పెద్ద పళ్ళెంలో కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు, పక్కన ప్లమ్ పళ్ళ గుజ్జు, తలా ఒక గ్లాసు సారా. ప్రామ్‌స్టాలర్ వంగి తన బిగింపులు టపటపా విప్పేశాడు.

"హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. రా బుర్గీ, కూర్చో."

"ఎగిడ్, నిజం చెప్పు. ఈ బూట్లు హాయిగా ఉంటాయా?"

"హాయా! నా రెండు గోళ్ళూ ఎప్పుడో పోయాయే తల్లీ. వీణ్ణడుగు," అని కార్యదర్శి కోర్బినియన్‌ను చూపించాడు.

"నాకు మడమ దగ్గర ఎముకే పెరిగింది," అన్నాడు కోర్బినియన్, గర్వంగా.

మూడో సభ్యుడు స్కీ బడి యజమాని. ఇంట్లో దొంగచాటుగా స్నోబోర్డు బూట్లు తొడుక్కుని తిరుగుతాడట. ఆ మాట చెబుతుంటే అతని కళ్ళు చెమ్మగిల్లాయి. నాలుగో సభ్యుడు బూట్లు తయారుచేసే కంపెనీ మనిషి. "మేం ఫ్యాక్టరీలో చెప్పులేసుకుంటాం," అని బల్ల గుద్ది నవ్వాడు.

"మరి నా సంగతి?"

"ఇంకా అడుగుతావేంటే! నీకు కాకపోతే అనుమతి ఇంకెవరికిస్తాం? ముందు నువ్వు కూడా విప్పెయ్. ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాడు ప్రామ్‌స్టాలర్.

నోట్‌బుర్గా బిగింపులు విప్పింది. బిగుసుకుపోయిన వేలిలోకి మళ్ళీ రక్తం ప్రసరించింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడకు ఏడవాలన్నంత సంతోషం కలిగింది. నలుగురూ ఆవిడ గ్లాసుకు గ్లాసు తాకించారు.

సాయంత్రం అందరూ ఒకే కేబుల్ కారు డబ్బాలో దిగారు. ప్రామ్‌స్టాలర్ చెయ్యి ఆవిడ భుజం మీదే ఉంది. "నువ్వేం బెంగపెట్టుకోకు బుర్గీ, నేను చూసుకుంటాను కదా, రేపు నువ్వు..." అంటుండగా వెయ్యి మీటర్ల పలక కిటికీ పక్కనుంచి పైకి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి తీసేశారు. కోటు గుండీలు పెట్టుకున్నారు.

"నోట్‌బుర్గా గారూ, రేపు ఉదయం ఆఫీసుకు దయచేయండి."

మర్నాడు ఆఫీసులో హోఫ్రాట్ గారు నిలబడి తీర్పు చెప్పారు. క్షేత్ర తనిఖీ దిగ్విజయంగా ముగిసింది. స్కీ బూట్లు సౌఖ్యంగా ఉన్నాయని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. అయితే విచారకరమైన సంగతి ఒకటి బయటపడింది. పని వేళల్లో టీచరు బిగింపులు విప్పకూడదని బడి నిబంధన. నోట్‌బుర్గా గారు విప్పారు. దీనికి నలుగురు సాక్షులున్నారు. (పైన అన్న మాటలే కింద ఎత్తకూడదు, చేసిన పనులు ఎత్తవచ్చు.) కనుక ఈ సీజన్ నుంచి వారి సేవలు బడికి అక్కర్లేదు.

"మీరూ విప్పారు కదండీ! విప్పమన్నదే మీరు కదండీ!" అంది నోట్‌బుర్గా.

పైన అన్న మాటను కింద ఎత్తినందుకు హోఫ్రాట్ గారు నొచ్చుకున్నారు. అయినా మర్యాదగానే జవాబిచ్చారు.

"మేము తనిఖీ కోసం విప్పామండీ. హాయి కోసం విప్పింది మీరొక్కరే."