సిపాయి కోసం ఒక సైరన్

ఆ రెండో శనివారం కోసం వెంకట్రాజం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి మిల్లు సైరన్ మోగగానే కుక్కపిల్లను రోడ్డవతలి కరెంటు స్తంభం దగ్గరికి తీసుకుపోవాలి. దాని పని కాగానే తెచ్చి కట్టేయాలి. ఆ తర్వాత స్నానం చేసి, ఇంటి ఓనరు లక్ష్మీనర్సమ్మ చేసుకుంటున్న సత్యనారాయణ వ్రతానికి అరటి పిలకలు, మామిడాకులు తెచ్చిపెట్టాలి. హనుమకొండలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా కాబట్టి, ఏ పని ముందో ఏ పని వెనకో రాత్రే తేల్చుకుంటే తప్ప అతనికి నిద్ర పట్టదు.

కుక్కపిల్ల పేరు సిపాయి. ఆఫీసు మిత్రుడొకడు అంటగడితే తెచ్చాడు గాని, వారం తిరిగేసరికి అది వెంకట్రాజం కుక్క కాకుండా అతని భార్య సమ్మమ్మ కుక్క అయిపోయింది. పెళ్ళై ఎనిమిదేళ్ళయినా ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. భర్త బస్సెక్కాక సాయంత్రం దాకా రెండు గదుల్లో ఒంటరిగా తిరిగే సమ్మమ్మకు, ఈ నెలరోజులుగా మాట్లాడటానికి ఒకరు దొరికారు. అది తిరిగి మాట్లాడకపోయినా తోక ఊపుతూ వింటుంది. వెంకట్రాజం ఆపాటి కూడా వినడు.

చిక్కల్లా లక్ష్మీనర్సమ్మతోనే. ఆమె నేలతో పాటు గోడలు కూడా కడిగే మనిషి. సిపాయి వచ్చిన మొదటి వారంలోనే ఆమె వరండాలో మూడుసార్లు తడి చేసింది. గేటు లోపల నాలుగోసారి అలాంటిది జరిగితే, కుక్కపిల్లను ఆ సాయంత్రమే తొర్రూరు బస్సెక్కించి సమ్మమ్మ తమ్ముడింటికి పంపాలని ఆమె తీర్పు చెప్పింది. వెంకట్రాజం బుద్ధిగా తలూపాడు.

అప్పుడు అతనికి పోలీసు కుక్కల్ని చూసుకునే జవాను ఒకాయన పరిచయమయ్యాడు. రోజూ ఒకే సమయానికి, ఒకే చోటికి తీసుకుపోతే చాలు, కుక్క దానంతటదే నేర్చుకుంటుందని ఆయన చెప్పాడు. చోటంటే కరెంటు స్తంభం ఉంది. సమయం మాటకొస్తే, వెంకట్రాజానికి పెళ్ళిలో పెట్టిన గడియారం ఒకరోజు ముందుకూ ఒకరోజు వెనక్కూ నడిచేది. ఆ గల్లీలో గడియారాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎలాగూ లేరు. అందరికీ నూలు మిల్లు సైరనే దిక్కు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఆ సైరన్‌కే పొయ్యి వెలిగేది, ఆ సైరన్‌కే పిల్లలు లేచేవారు. సిపాయి కూడా ఆ సైరన్‌కే స్తంభం దగ్గరికి పోసాగింది. మూడు వారాల్లో ఎంత బాగా నేర్చుకుందంటే, మోత వినగానే చెవులు నిక్కబొడుచుకుని, ఎవరి తోడూ లేకుండా గేటు దాటి వెళ్ళేది. వెంకట్రాజం ఆఫీసులో ఈ సంగతి ప్రమోషన్ వచ్చినంత గొప్పగా చెప్పుకున్నాడు.

అయితే సైరన్ మోగకపోతే అది ఏం చేస్తుందన్న సంగతి అతను జవానును అడగలేదు.

ఆ శనివారం అతను లేచి, మంచం అంచున కూర్చుని సైరన్ కోసం ఎదురుచూశాడు. తెల్లారింది. సైరన్ రాలేదు. పాలు పోయడానికి వచ్చిన మొగిలమ్మ, రాత్రి షిఫ్టు ఎక్కినవాళ్ళు కూడా దిగి వచ్చారనీ, మిల్లులో సమ్మె మొదలైందనీ చెప్పి, ఇంకో గిద్దెడు కొసరు పోసి వెళ్ళింది. వెంకట్రాజం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అతను ప్రభుత్వోద్యోగి. మిల్లు సమ్మెకూ తనకూ ఏమిటి సంబంధం అనుకుంటూ సిపాయిని ఎత్తుకుని స్తంభం దగ్గరికి నడిచాడు.

సిపాయి స్తంభం దగ్గర కూర్చుంది. మిల్లు పొగగొట్టం వైపు చూసింది. వెంకట్రాజం దాన్ని స్తంభం చుట్టూ ఏడుసార్లు తిప్పాడు. బతిమాలాడు, బుజ్జగించాడు, చివరికి సస్పెండ్ చేస్తానన్నాడు. గంట గడిచినా చుక్క రాలలేదు. సరే, దానికి అవసరం లేదేమోనని ఇంటికి తెచ్చాడో లేదో, అది కడిగి ముగ్గులు పెట్టిన వరండాలో గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. దాని వెంట లక్ష్మీనర్సమ్మ కళ్ళు కూడా గుండ్రంగా తిరిగాయి. వెంకట్రాజం దాన్ని లాక్కుని మళ్ళీ స్తంభం దగ్గరికి పరుగెత్తాడు. అక్కడికి పోగానే అది మళ్ళీ బుద్ధిగా కూర్చుని పొగగొట్టం వైపు చూసింది.

అప్పటికి అతనికి విషయం అర్థమైంది. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, తనకు చేతనైనంత పొడుగ్గా సైరన్ కూశాడు. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి ఎవరు పోయారని అడిగారు. పక్కింటి ముసలమ్మ అడగను కూడా అడగకుండా శోకం అందుకుంది. సిపాయి మాత్రం అతని వైపు జాలిగా చూసింది.

తొమ్మిది దాటింది. వ్రతం పదింటికి. సిపాయి కడుపు గట్టిగా ఉబ్బింది, కాళ్ళు వణుకుతున్నాయి. లక్ష్మీనర్సమ్మ పట్టుచీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"రాజం, పొద్దుగాల నుంచి దీన్ని చూస్తాంటె నాకు గుండె దడదడ అంటాంది. అది ఇంట్ల పాడు చేస్తె వ్రతం ఆగుతది. వ్రతం ఆగితె నువ్వు గూడ ఈ ఇంట్ల ఆగవు," అంది.

సమ్మమ్మ కుక్కపిల్లను కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది. కళ్ళలో నీళ్ళతో భర్త వైపు తిరిగింది.

"నువ్వు ఏం జేస్తవో నాకు తెల్వది. ఆ సైరన్ ఒక్కసారి మోగిచ్చిరా. దీన్ని తొర్రూరు బస్సెక్కిస్తె, అదే బస్సు నేను గూడ ఎక్కుత."

వెంకట్రాజం చెప్పులు వేసుకున్నాడు.

మిల్లు గేటు ముందు ఎర్రజెండాలు కట్టిన టెంటు కింద అరవై మంది కార్మికులు కూర్చుని ఉన్నారు. యూనియన్ నాయకుడు ఉప్పలయ్య నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని బెల్లం ముక్క చప్పరిస్తున్నాడు. అంతమంది ముందు, కుక్కపిల్ల దొడ్డికి పోవాలి కాబట్టి సైరన్ మోగించండని అడగడానికి వెంకట్రాజానికి నోరు రాలేదు.

"అన్నా, మా ఇంట్ల ఒక పాణం పొద్దుగాల నుంచి కొట్టుకుంటాంది. సైరన్ ఇనబడితెగాని ఆ పాణం నిమ్మలపడేటట్టు లేదు. జర ఒక్కసారి మోగియ్యాలె," అన్నాడు.

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. కానీ టెంటు కిందివాళ్ళు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఉప్పలయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఎల్లస్వామి తాతనా?"

ఎల్లస్వామి ముప్పై ఎనిమిదేళ్ళు బాయిలరు దగ్గర పనిచేసి, మూడేళ్ళ కిందట రిటైరైన మనిషి. వీడ్కోలు సభలో, చచ్చేముందు ఒక్కసారి మిల్లు సైరన్ విని చస్తానని చెప్పి అందరినీ ఏడిపించాడు. తర్వాత కూతురి దగ్గర ఉంటున్నాడని తెలుసు గాని, ఆ ఇల్లెక్కడో ఎవరికీ సరిగా తెలియదు. అయితే నువ్వు తాత అల్లునివా అని ఉప్పలయ్య అడిగాడు. పదిహేనేళ్ళుగా ఆఫీసులో ఎవరేమడిగినా తలూపుతూ వచ్చిన వెంకట్రాజానికి తల దానంతటదే ఊగింది.

ఇక అతని చేతుల్లో ఏమీ లేదు. అరవై మందీ కళ్ళు తుడుచుకున్నారు. సైరన్ మేనేజరు చేతిలో ఉంది. మేనేజరు వచ్చి తమతో మాట్లాడేదాకా ఆయన మొహం చూసేది లేదని యూనియన్ రాత్రే ప్రమాణం చేసింది. ఉప్పలయ్య ఆ ప్రమాణాన్ని పక్కనబెట్టి నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు. యూనియన్ వచ్చిందనగానే మేనేజరు తలుపు వేసుకున్నాడు. ఎల్లస్వామి పేరు వినగానే తీశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిరి గొట్టం పగిలినప్పుడు, ఆయన్ని కాలరు పట్టి ఇవతలికి లాగింది ఎల్లస్వామే. వాచ్‌మన్‌ను పిలిచి, ఆపమనేదాకా సైరన్ మోగించమన్నాడు.

పదిన్నరకు సైరన్ మోగింది. సమ్మమ్మ గేటు దగ్గర, చంకలో కుక్కపిల్లతో, వచ్చేపోయే పేరంటాళ్ళకు ఏడుపు ఆపుకుని నవ్వుమొహం చూపిస్తోంది. సిపాయి ఒక్క దూకు దూకి, రిక్షా కిందుగా దూరి, రోడ్డు దాటి స్తంభం చేరుకుంది. అక్కడ చాలాసేపే ఉంది. సమ్మమ్మ నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా మిల్లు వైపు తిరిగి దండం పెట్టింది.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ వెంకట్రాజాన్ని వదిలిందెవరు? తాతను కడసారి చూడాలని ఉప్పలయ్య పట్టుబట్టాడు. తానూ వస్తానన్నాడు మేనేజరు. ఒకరి మొహం ఒకరు చూడకూడదనుకున్న ఇద్దరూ ఒకే జీపులో పక్కపక్కన కూర్చున్నారు. వెనక సైకిళ్ళ మీదా కాలినడకనా అరవై మంది బయల్దేరారు. దారిలో జీపు ఆపి, ఎందుకైనా మంచిదని రెండు పెద్ద పూలదండలు కూడా కొన్నారు. నిజం చెప్పడానికి వెంకట్రాజం మూడుసార్లు నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా ఉప్పలయ్య అతని భుజం నొక్కి, ఏడవొద్దని ఓదార్చాడు.

ఇంట్లో వ్రతం మధ్యలో ఆగి ఉంది. పంతులు పీట మీద లేడు. అరవై మంది చెప్పులతోనే గేటు తోసుకుని వాకిట్లోకి వచ్చారు. పెద్దాయన ఏ గదిలో ఉన్నాడని ఉప్పలయ్య బొంగురు గొంతుతో అడిగాడు.

"ఏ పెద్దాయన? ఈ ఇంట్ల నాకంటె పెద్దోళ్ళెవ్వరు లేరు," అంది లక్ష్మీనర్సమ్మ.

అందరూ వెంకట్రాజం వైపు తిరిగారు. అతను తల వంచుకుని, సమ్మమ్మ ఒళ్ళో ఆవలిస్తున్న సిపాయిని వేలితో చూపించాడు. తర్వాత నాలుగు ముక్కల్లో మొత్తం చెప్పేశాడు. ఆఫీసు ఫైళ్ళలో కూడా అంత క్లుప్తంగా అతను ఎప్పుడూ రాయలేదు.

మేనేజరు కళ్ళజోడు తీశాడు. ఉప్పలయ్య మెడ నరాలు ఉబ్బాయి. కార్మికుల్లో ఒకరిద్దరు చొక్కా చేతులు మడిచారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక ముసలాయన, వేళకాని వేళ సైరన్ ఎందుకు మోగిందో, అందరూ ఇక్కడెందుకు పోగయ్యారో అడుగుతూ గుంపును తోసుకొచ్చాడు. ఎల్లస్వామి. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. ఉప్పలయ్య గబుక్కున దండలు వీపు వెనక దాచాడు.

సంగతంతా విని ఎల్లస్వామి నవ్వలేదు. సిపాయి దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని, దాని తల నిమిరాడు.

"దీన్ని ఏమనకుండ్రి బిడ్డా. ముప్పై ఎనిమిదేండ్లు ఆరింటి సైరన్ ఇన్నంకనే నేను చెంబు పట్టిన. రిటైరైనంక గూడ గంతె. ఇయ్యాల పొద్దుగాల నుంచి చెంబు పట్టుకొని కూసున్న, పని గాలె. గిప్పుడు పదిన్నరకు మోగినంకనే నాకు పాణం నిమ్మలమైంది," అన్నాడు.

ఉప్పలయ్య ఆకాశంలోకి చూశాడు. మేనేజరు శుభ్రంగా ఉన్న కళ్ళజోడునే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. గుంపు వెనక ఎవరో దగ్గారు, వాళ్ళను చూసి ఇంకొకరు దగ్గారు. మడిచిన చొక్కా చేతులు మెల్లగా కిందికి దిగాయి. అదే సమయానికి పెరటి వైపు నుంచి, ఖాళీ చెంబుతో, కాళ్ళు కడుక్కుని పంతులు వచ్చాడు. అంతమందిని చూసి తడబడి, సైరన్ మోగినప్పుడు కథ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు.

లక్ష్మీనర్సమ్మ పంతుల్ని చూసింది. అరవై జతల చెప్పుల కింద కనిపించకుండా పోయిన తన ముగ్గును చూసింది. చివరికి కుక్కపిల్లను చూసింది.

"కడుపు పలిగిపోతాన్నా గూడ ఇది నా వాకిట్ల చుక్క పడనియ్యలే. మీరు వచ్చి ఐదు నిమిషాలు గాలె, ఇల్లంత ఖరాబు చేసిండ్లు. రాజం, సిపాయి ఈడ్నే ఉంటది. నీ సంగతే నేను జర ఆలోచిస్త," అంది.

సమ్మమ్మ ఆమె కాళ్ళకు మొక్కబోయి, ఒళ్ళో నిద్రపోతున్న సిపాయి లేస్తుందని ఆగిపోయింది. తెచ్చిన దండలు వృథా చేయడమెందుకని ఒకటి ఎల్లస్వామి మెళ్ళో వేశారు, ఒకటి దేవుడికిచ్చారు. అందరూ వాకిట్లోనే కూర్చుని ప్రసాదం తిన్నారు. ఒకే విస్తరి దగ్గర కూర్చున్న ఉప్పలయ్యా మేనేజరూ తలెత్తకుండానే మాట్లాడుకున్నారు. సాయంత్రానికి సమ్మె తీరిపోయింది.

ఒప్పందంలోని పది షరతుల మీద ఇద్దరూ మాటమాటకూ వాదించుకున్నారు గాని, సమ్మె అయినా సెలవైనా ఆరింటి సైరన్ ఆగకూడదన్న పదకొండోదాని మీద మాత్రం చదవకుండానే సంతకాలు పెట్టారు.