కాన్సస్ చుట్టాలు

ఆ గురువారం పెద్దన్న అనుకున్న పనులు మూడే. మేడమ్‌ను బడి దగ్గర దించాలి, కారు కడగాలి, పది గంటలకు ఇంటికి ఫోన్ చేసి గురవమ్మతో తీరిగ్గా మాట్లాడాలి. రాయచోటి పక్క పల్లె నుంచి దోహాకు వచ్చి హౌస్ డ్రైవర్‌గా చేరి ఏడేళ్లయింది. భార్య ముఖం చూసి నాలుగేళ్లయింది. వచ్చే యేడు వస్తానని ప్రతి యేడూ చెబుతూనే ఉన్నాడు.

మేడమ్ పేరు హెలెన్. అమెరికాలో కాన్సస్ అనే రాష్ట్రం ఆమెది. ఇక్కడ పిల్లలకు చరిత్ర చెబుతూ, దోహా పక్కనే లుసైల్‌లో ఒక విల్లాలో ఒంటరిగా ఉంటోంది. క్రిస్మస్‌కు ఊరెళ్లే ప్రయాణం ఆగిపోయినప్పటి నుంచి ఆమెకు మాట తగ్గింది. సాయంత్రాలు ఫోన్‌లో గోధుమ చేల ఫొటోలు చూసుకుంటూ కూర్చునేది. అలాంటి మనిషి ఆ పొద్దున కారులో సన్నగా కూనిరాగం తీసింది. పెద్దన్నకు అద్దంలో ఆమె ముఖం చూడగానే ప్రాణం తేలికపడింది.

సంగతేమిటో వంటింట్లో తెలిసింది. వంట చేసే నాగలక్ష్మిది రాజోలు వైపు. ఫ్రిజ్‌కు అంటించిన కాగితం ముందు నిలబడి ఉంది.

"మేడమ్‌గారు వెళ్తా వెళ్తా చెప్పేరండి. కాన్సస్ పీపుల్, సాయంత్రం ఐదింటికి, ఇక్కడికే అని ఈ కాయితం చూపించేరు. ఆరుగురండి."

పెద్దన్న అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పైన 'నోటబుల్ పీపుల్ ఆఫ్ కాన్సస్' అని ఉంది.

"నోటబుల్ అంటే ఏంటండి?"

"నోట్ చేసుకోవాల్సినోళ్లు అని. మనం మర్చిపోతామేమోనని రాసి పెట్టిండాది."

మొదటి పేరు అమీలియా ఇయర్‌హార్ట్. రెండోది వాల్టర్ క్రిస్లర్. ఆ రెండో పేరు దగ్గర పెద్దన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"క్రిస్లర్ అంటే కార్ల కంపెనీ కదమ్మా. ఆ ఇంటాయనే వస్తాండాడా?"

"అంత గొప్ప చుట్టాలున్నారని ఏనాడూ చెప్పలేదండి ఈవిడ."

"గొప్పోళ్లు చెప్పుకోరు. అది సరే, ఆయప్పను మన జపాను కారులో ఎట్ట ఎక్కించుకునేది?"

మేడమ్‌కు ఫోన్ చేశారు. పరీక్షల రోజు కావడంతో మూడింటిదాకా ఫోన్ కట్టేసే ఉంటుంది. కిందటేడు ఆమె పిన్నిని తీసుకురావడానికి పెద్దన్న ఆలస్యంగా వెళితే, ఆ ముసలావిడ విమానాశ్రయంలో రెండు గంటలు సూట్‌కేసు మీద కూర్చుంది. అప్పుడు మేడమ్ ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని ఏడాదిగా బాధ పెడుతోంది. ఈసారి ఆ తప్పు జరగకూడదు.

వెస్ట్ బేలో ఒక హోటల్ వ్యాను నడిపే మహబూబ్‌ది కూడా రాయచోటే. అతనికి ఫోన్ చేశాడు.

"ఆరుగురంటే కారు చాలదు అన్నా. నాకు నాలుగింటిదాకా డ్యూటీ లేదు, మేనేజర్నడిగి వ్యాను తెస్తా. రెండింటికి అమెరికా ఫ్లైటు ఉంది, దాంట్లోనే వస్తారు. పేర్లు పంపీ, మా రిసెప్షన్లో బోర్డు కొట్టిస్తా."

ఇక్కడ నాగలక్ష్మి అల్పాహారం మానేసి బిర్యానీకి దిగింది. చుట్టాలకు పడక చాలదని తన గది ఖాళీ చేసి, బట్టలన్నీ మూటగట్టి స్టోరురూంలో పడేసింది. పక్క విల్లాలో పనిచేసే రషీదాను రెండు పరుపులు అడిగింది. ఎవరికని రషీదా అడగక తప్పలేదు, నాగలక్ష్మి చెప్పక తప్పలేదు. పన్నెండు గంటలకల్లా ఆ కాంపౌండు మొత్తానికి కార్ల కంపెనీ యజమాని వస్తున్నాడని తెలిసిపోయింది. నాలుగు ఇళ్ల నుంచి పరుపులు వచ్చాయి. వాచ్‌మన్ గేటుకు బంతిపూల దండ కట్టి, తన తమ్ముడికి ఉద్యోగం అడగడానికి దరఖాస్తు రాసుకున్నాడు.

రెండింటికి పెద్దన్న ఇస్త్రీ చొక్కాతో, చేతిలో గులాబీల గుత్తితో విమానాశ్రయంలో అరైవల్స్ దగ్గర నిలబడ్డాడు. మహబూబ్ తెచ్చిన బోర్డు మీద 'వెల్‌కమ్ అమీలియా ఇయర్‌హార్ట్ అండ్ పార్టీ, కాన్సస్' అని పెద్ద అక్షరాలున్నాయి. ఆడవాళ్ల పేరు ముందుండడం హోటలు మర్యాదట.

వచ్చేవాళ్లు బోర్డు చదివి నవ్వుతున్నారు. కొందరు ఆగి ఫొటో తీసుకుంటున్నారు. మంచి చుట్టాలే, అందరికీ తెలుసు అనుకుని పెద్దన్న కూడా నవ్వుతూ నిలబడ్డాడు. ఇరవయ్యో ఫొటో దగ్గర, భుజాన సంచీతో ఒక తెలుగు కుర్రాడు దగ్గరికొచ్చాడు. తన పేరు భరణి అన్నాడు.

"అన్నా, ఈవిడెవరో తెలుసా? ఒక్కతే విమానం నడుపుకుంటూ అట్లాంటిక్ దాటిన మొదటి ఆడమనిషి. తర్వాత భూమి చుట్టూ తిరిగొస్తానని బయల్దేరింది. పంతొమ్మిది వందల ముప్పై ఏడులో, పసిఫిక్ మీద కనపడకుండా పోయింది. ఇంతవరకూ దొరకలేదు."

"మరి క్రిస్లర్?" అని పెద్దన్న మహబూబ్ ఫోన్‌లో ఉన్న పేర్ల జాబితా చూపించాడు.

"ఆయనా పోయాడు. ఈ కింద పేర్లు కూడా అంతే, అందరూ ఎప్పుడో పోయినవాళ్లే."

మహబూబ్ మెల్లగా జేబులోంచి వ్యాను తాళంచెవి బయటికి తీశాడు. పెద్దన్న మాత్రం బోర్డు దించలేదు. సిగ్గుకంటే ముందు అతనికి మేడమ్ కూనిరాగం గుర్తొచ్చింది. ఆ తలుపులోంచి వందల మంది వస్తున్నారు. ఎవరి మనుషులు వాళ్లను కౌగిలించుకుంటున్నారు. వీళ్లలో ఒక్కరు కూడా ఆమె కోసం రాలేదని ఎలా చెప్పాలి?

అప్పుడే తెల్లజుట్టు పొట్టి ముసలావిడ ఒకామె బోర్డు ముందు ఆగి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె పేరు ఎడ్నా, నర్సుగా పనిచేసి మానేసింది. నేపాల్ చూడటానికి పోతోంది. తర్వాతి విమానానికి ఇంకా తొమ్మిది గంటల టైముంది.

"పేరు నాది కాదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఊరు మాత్రం నాదే. కాన్సస్."

పెద్దన్నకు తెలిసిన ఇంగ్లీషంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "మై మేడమ్ కాన్సస్. అలోన్. బిర్యానీ రెడీ. ప్లీజ్."

మూడయింది. పెద్దన్న వీడియో కాల్ చేస్తే మేడమ్ ఫోన్ మోగింది. వీడియోలో ముందు ఆమెకు బోర్డు కనిపించింది, తర్వాత గులాబీలు, ఆ తర్వాత ఎడ్నా. ఎడ్నా తన ఊరి పేరు చెప్పగానే మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరి ఊళ్లకూ నలభై మైళ్లేనట.

ఐదింటికి మేడమ్ తోటి టీచర్లు ఆరుగురు వచ్చారు. ఆరోజు కాన్సస్ రాష్ట్రం పుట్టినరోజు. ఒక్కొక్కరి వీపు మీద ఫ్రిజ్ కాగితంలోని ఒక్కో పేరు అంటించి ఎవరో కనుక్కోమనే ఆటట. ఆ ఆట ఎవరూ ఆడలేదు. బిర్యానీ తిని, పరుపుల మీద కూర్చుని, ఎడ్నా, మేడమ్ మాట్లాడుకోవడం విన్నారు. వాచ్‌మన్ దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దన్న వరండాలో కూర్చున్నాడు. లోపలి మాటలు అతనికి సగం కూడా అర్థం కాలేదు. గాలి అన్న మాట, వాన అన్న మాట మాత్రం పట్టుకున్నాడు. ఒకరు మొదలుపెట్టిన మాటను రెండో మనిషి పూర్తి చేస్తోంది.

"ఒకే ఊరోళ్లు మాట్లాడుకుంటే ఎంత బాగుంటాదో చూడండి," అంది నాగలక్ష్మి, గడపలో కూర్చుని. ఆ ఇంట్లో రాజోలు మాట మాట్లాడేందుకు ఆమెకు ఎవరూ లేరు. పెద్దన్న తల ఊపాడు.

సోమవారం గురవమ్మే ఫోన్ చేసింది. విమానాశ్రయంలో తీసిన ఫొటో ఎక్కడెక్కడో తిరిగి రాయచోటికి చేరింది.

"ఎవురు ఆ అమీలియా?"

"అదేం లేదు మే. ఆమె చచ్చిపోయి ఎనభై యేండ్ల పైనయింది."

"అట్టనా. చచ్చిపోయినామె కోసం తల దువ్వుకొని, పూలు పట్టుకొని, నవ్వుకుంటా నిలబడినావు. నేను బతికే ఉండా కదా. నాలుగేండ్లు నేను ఏం పట్టుకొని నిలబడాల?"

"వచ్చే యేడు" అన్న మాట పెద్దన్న నాలుక దాకా వచ్చింది కానీ, ఈసారి బయటికి రాలేదు. ఫోన్ పెట్టేసి, నేరుగా మేడమ్‌కు చేశాడు. బడిలో గంట కొడుతోంది, పిల్లలు అరుస్తున్నారు.

"మేడమ్, లీవ్ ప్లీజ్. మై వైఫ్, అమీలియా ప్రాబ్లమ్."

ఆ గోలలో మేడమ్‌కు అది అనీమియా అని వినపడింది. రెండు నెలల సెలవుతో పాటు మూడు సీసాల ఐరన్ మాత్రలు కూడా ఇచ్చింది.