తప్పనిసరి కాని కడుపునొప్పి

వైద్య కళాశాలలో సీటొచ్చాక, అది తెరిచేదాకా రోజూ బారెడు పొద్దెక్కేవరకు నిద్రపోవాలని కుర్రాడు గొప్ప పథకమే వేసుకున్నాడు. ఈలోగా కాలేజీవాళ్ళు వేసవిలో ముందస్తు తరగతులు పెట్టి, ఇష్టమున్నవాళ్ళే రావచ్చన్నారు.

"ఇష్టముంటేనే రమ్మన్నారమ్మా," అన్నాడు దుప్పట్లోంచి.

"ఎవరి ఇష్టమో చెప్పలేదుగా. నాకిష్టం. లే," అంది తల్లి.

తొలి తరగతి, రోగితో మాట్లాడటం ఎలా అని. ఆవులిస్తూ కనబడ్డ పాపానికి మేడమ్ ఇతన్నే రోగిని చేసింది. "నీకు అపెండిక్స్ నొప్పి. స్ట్రెచరెక్కి మూలుగు," అంది. పడుకోమంటే వద్దంటాడా? రెండు చేతులా పొట్ట పట్టుకుని, ఏడు తరాలకు సరిపడా మూలిగాడు. కాబోయే డాక్టర్లంతా మెచ్చుకుని, రోగిని అక్కడే వదిలేసి టీకి వెళ్ళారు. వృత్తిలో వాళ్ళకు మంచి భవిష్యత్తుంది. ఇతగాడికి హాయిగా కునుకు పట్టింది.

స్ట్రెచర్ మీద దిక్కులేని మనిషి కనబడేసరికి, అటుగా వెళ్తున్న వార్డుబాయ్ పక్కనున్న ఆస్పత్రిలోకి తోసుకెళ్ళాడు.

"ఏమైంది బాబూ?" అని నర్సు అడిగింది. తరగతి మళ్ళీ మొదలైందనుకుని, కళ్ళు తెరవకుండానే "అపెండిక్స్ నొప్పండీ," అని మూలిగాడు. తీరా తెరిచేసరికి చేతికి సెలైన్ ఉంది. సాయంత్రం పొట్ట కోస్తారట.

"నాకే రోగమూ లేదండీ. నేను డాక్టర్ని... అంటే, కాబోతున్నాను."

"కత్తి పేరెత్తగానే అందరూ ఏదో ఒకటి అవుతారు," అని నర్సు అతని సెల్ తీసుకుని వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. "మీ అబ్బాయి డాక్టర్నంటున్నాడమ్మా."

ఫోన్ తరగతి నుంచే అనుకుని తల్లి మురిసిపోయింది. "మూడో ఏటినుంచీ అదే మాటమ్మా. ఇంట్లో మేమూ అలాగే పిలుస్తాం."

పాపం, ఇంటిల్లిపాదికీ ఉందన్నమాట అనుకుని, నర్సు మానసిక వైద్యుడికి కూడా కబురంపింది. నోరు విప్పిన కొద్దీ కొరివితో తల గోక్కున్నట్టవుతోంది. కుర్రాడికి నిజంగానే ఏడుపొచ్చింది.

సర్జన్ వచ్చారు. "వైద్య విద్యార్థివా? అయితే అపెండిక్స్ ఎక్కడుంటుందో చూపించు."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎడమవైపు చూపించాడు.

"కుడివైపు కదయ్యా."

"పుస్తకంలోని బొమ్మలో ఎడమవైపే ఉంది సార్. నిన్ననే చూశాను."

సర్జన్ గ్లౌజులు తీసేశారు. "ఆ బొమ్మ నీకు ఎదురుగా నిలబడుతుంది నాయనా. దాని కుడి నీకు ఎడమ." నర్సు వైపు తిరిగారు. "నొప్పున్నవాడికి ఎక్కడ నొప్పో తెలుస్తుందమ్మా. ఈ తప్పు పుస్తకం చదివినవాడే చేస్తాడు. వదిలెయ్యండి, మనవాడే."

సరైన జవాబు చెప్పి ఉంటే ఈపాటికి కోసేసేవారు.