పోసోలే ఎడమ చెవి

"నీళ్ళు పడకూడదంటే పడకూడదు అత్తయ్యా. ఇందులో బేరాల్లేవు," అంది హెర్మీనియా. మూడు రోజుల్లో ఈ మాట అనడం ఇది పదకొండోసారి.

"దీవించిన నీళ్ళు మామూలు నీళ్ళు కావే," అంది దోన్యా చోనీతా, దాల్చినచెక్క వేసిన కాఫీ చప్పరిస్తూ. "నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ, మూగజీవాల్ని దీవించే పునీత అంతోని పండక్కి చర్చి మొహం చూడని జంతువు ఈ ఇంట్లో లేదు. కుంటి కోడిని కూడా తీసుకెళ్ళాం."

"ఆ కోడి మర్నాడే పులుసులో పడింది."

"దీవెనతో పడింది."

ఈ గొడవకు కారణమైన ప్రాణి బల్ల కింద పడుకుని, వెనక కాలితో ఎడమ చెవి గోక్కుంటోంది. పోసోలే గొప్ప జాతి కుక్కేమీ కాదు. తేనె రంగు ఒళ్ళు, ముక్కు కిందికి వంచితే నేలకానే చెవులు. ఏడేళ్ళ క్రితం హెర్మీనియా భర్త ఎవరిస్తోకు తన మొక్కల తోటలో, క్రిస్మస్ పూల కుండీల మధ్య దొరికింది. కళ్ళు తెరవని దాన్ని హెర్మీనియా దూదితో పాలు పిండి బతికించింది. సెప్టెంబరు నుంచి దాని ఎడమ చెవి చీము పట్టి కంపు కొడుతోంది. రెండు రకాల మాత్రలు, మూడు రకాల చుక్కలు అయ్యాయి. చివరికి పశువుల డాక్టరు ఓల్గీన్ ఆ చీము తీసి పరీక్షకు పంపితే, అందులోని క్రిమి ఒక్క మందుకు తప్ప మరి దేనికీ లొంగదని తేలింది.

"ఇదే ఆఖరు మందు," అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు. ఇరవై ఎనిమిది రోజులు. చెవిలోకి ఇంకేమీ పోకూడదు. అయినా తగ్గకపోతే చెవి గొట్టం మొత్తం కోసి తీసెయ్యాల్సిందే."

ఆ రోజు నుంచి హెర్మీనియాకు తిండి సహించడం లేదు. రేపు పన్నెండో రోజు. మధ్యాహ్నం ఒంటిగంటకు డాక్టరమ్మ చెవి చూసి, కోత ఉందో లేదో చెబుతుంది. అదే రోజు పండగ వచ్చి పడింది.

చివరికి ఎవరిస్తో మధ్యలో దూరాడు. "వెనక వరసలో నిలబడదాం. వాడి చెవులు రెండూ నెత్తి మీదికి మడిచి కట్టేద్దాం. నీళ్ళు వస్తే నేను గొడుగు అడ్డం పెడతా. అమ్మకి దీవెన దక్కుతుంది, నీకు చెవి దక్కుతుంది. నాకు కాస్త ప్రశాంతత దక్కుతుంది."

కూతురు నాయెలి స్నానానికి పెట్టుకునే తన ప్లాస్టిక్ టోపీ త్యాగం చేసింది. దాని మీదికి నానమ్మ తెల్ల ఊలుతో ఒక టోపీ అల్లింది. మర్నాడు పొద్దున హెర్మీనియా ఎనిమిదింటికి చుక్కలు వేసి స్నానానికి వెళ్ళింది. ఆమె బయటికి వచ్చేసరికి మిగతా ముగ్గురూ ఎన్నడూ లేనంత బుద్ధిగా, తలొక మూలా కూర్చుని ఉన్నారు. కుక్కకు టోపీ కూడా కట్టేసి ఉంది.

హెర్మీనియా ముక్కు ఎగబీల్చింది. "సారా వాసన వస్తోంది."

అది అచ్చంగా మెస్కాల్ సారా వాసనే. ఆమె భర్త దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. చేతుల నుంచి గుప్పుమంది.

"పొద్దున తొమ్మిదింటికా, ఎవరిస్తో? పండగ పూటా?"

ఎవరిస్తో ఒకసారి కుక్క వంక చూశాడు. "ఒక్క గుక్క," అన్నాడు నేల చూస్తూ. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను చెయ్యని తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

"తాళాలు ఇటియ్యి. నువ్వు బండి నడపడానికి వీల్లేదు."

ఇంట్లో బండి నడపడం వచ్చింది అతనొక్కడికే. దాంతో అందరూ నడిచి బయల్దేరారు. పన్నెండు వీధులు. దోన్యా చోనీతా మోకాళ్ళు రెండు వీధులకోసారి ఆగమన్నాయి. పోసోలే ప్రతి స్తంభం దగ్గరా ఆగింది. చర్చి ఆవరణకు చేరేసరికి వెనక వరస మొత్తం గొర్రెలతో నిండిపోయింది. పంజరాల్లో చిలకలు, లంగా తొడిగిన పందిపిల్ల, పూలదండ వేసిన గాడిద. ఖాళీ ఉన్నదల్లా ముందు వరసలోనే, ఫాదర్ మెలితోన్ దీవెన నీళ్ళ బాల్దీకి మూడడుగుల దూరంలో.

"వెనక్కి పోదాం పదండి," అంది హెర్మీనియా.

"గొర్రెల్లోంచి ఎలా పోతాం అమ్మా?" అంది నాయెలి.

ఎవరిస్తో గొడుగు తెరిచాడు. మొక్కల తోటలో పని చేసేచోట నీడకి నేలలో పాతే గొడుగు అది. బంగారు రంగు, చుట్టూ కుచ్చులు. దాని కింద తెల్లటి ఎత్తు టోపీతో, మెడలో ఎర్ర రిబ్బనుతో పోసోలే గంభీరంగా కూర్చుంది. నవంబరులో బిషప్పుగారు ఊరికి వచ్చినప్పుడు సరిగ్గా ఇలాంటి గొడుగు కిందే, ఇలాంటి టోపీతోనే నడిచారు. మొదట గాడిద యజమాని నవ్వాడు. తర్వాత చిలకల ఆవిడ. ఆ నవ్వు వెనకనున్న గొర్రెల దాకా పాకింది.

"బిషప్పుగారి వేషం కాదండీ," అని హెర్మీనియా ఎడమ పక్కకూ కుడి పక్కకూ చెప్పింది. "చెవి బాగోలేదు."

"ఆయనకీ చెవి సరిగ్గా వినపడదు లెండి," అన్నాడు గాడిద యజమాని.

ఫాదర్ మెలితోన్ అంతా చూశాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదాయన. బాల్దీ పట్టుకుని నేరుగా వీళ్ళ ముందుకొచ్చి తలవంచాడు. "పెద్దలు వేంచేశారు. వీరికి ఒక్క చిలకరింపు ఏం సరిపోతుంది?"

"ఫాదర్, వద్దు, డాక్టరు..." అని హెర్మీనియా కుక్కకు అడ్డంగా వాలిపోయింది. ఎవరిస్తో గొడుగు వంచాడు. ఫాదర్ పూలకొమ్మ ముంచి విసిరిన నీళ్ళు గొడుగు మీద పడి, జారి, సగం హెర్మీనియా నెత్తి మీదికీ సగం పోసోలే ముక్కు మీదికీ వచ్చాయి. ముక్కు తడిస్తే ఏ కుక్కయినా చేసేదే పోసోలే చేసింది. ఒళ్ళంతా విదిలించింది.

ముందు ఊలు టోపీ ఎగిరింది. తర్వాత ప్లాస్టిక్ టోపీ. ఆ తర్వాత దాని ఎడమ చెవిలోంచి ఒక సదాపాకు రెమ్మ ఎగిరి ఫాదర్ తెల్లంగీకి అంటుకుంది. వెనకే సారా కంపు కొడుతున్న దూది ఉండ. చివరగా ఆయన కళ్ళద్దాల మీద ఏదో నూనె చిందింది.

ఫాదర్ అద్దాలు తీసి వాసన చూశాడు. "కొబ్బరినూనె," అన్నాడు.

నాయెలి తన కాళ్ళ వంక చూసుకుంది. "ఫోన్లో చూశానమ్మా. అందరూ మంచిదన్నారు."

"సదాపాకు నాదే," అంది దోన్యా చోనీతా, తల ఎత్తి. "మీ ఆయన చెవిపోటుకి పదేళ్ళు అదే పెట్టాను. తగ్గలేదూ?"

"సారా నేను తాగలేదు," అన్నాడు ఎవరిస్తో. "వాడి చెవికి పెట్టా. గాయాల మీద పోస్తాం కదా అని. వాడిని కోస్తారంటే చూడలేక."

హెర్మీనియా నెత్తి నుంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆమెకు లోపల ఎక్కడో హాయిగా ఉంది. నాలుగు నెలలుగా చెవి ఎందుకు తగ్గలేదో ఇప్పుడు ఊరందరి ముందూ తేలిందనుకుంది. అంతలో జనంలోంచి డాక్టరు ఓల్గీన్ ముందుకొచ్చింది. దీవెన కోసం తెచ్చిన తాబేలు ఆమె చంకలో ఉంది.

"చూశారా డాక్టరమ్మా," అంది హెర్మీనియా. "ఈ ఇంట్లో మీ మాట విన్నది నేనొక్కదాన్నే."

డాక్టరమ్మ వంగి పోసోలే చెవి తిప్పి చూసింది. "ఇవన్నీ చెవిని మండిస్తాయి, మందును లోపలికి పోనివ్వవు. తప్పే. కానీ క్రిమికి మందును తట్టుకోవడం నేర్పింది ఇవి కావు. అక్టోబరులో నేనిచ్చిన మాత్రలు ఎన్ని రోజులు వేశారు?"

"తగ్గేదాకా వేశాను."

"నేను చెప్పింది మూడు వారాలు."

"వారానికే చెవి గులాబీ రేకులా అయిపోయింది. మంచి మందు ఊరికే పారబోస్తామా? బిస్కెట్ల డబ్బాలో దాచాను." హెర్మీనియా మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. "నవంబరులో మళ్ళీ వాసన వస్తే మూడు రోజులు వేశాను. డిసెంబరులో రెండు రోజులు."

"సగం చచ్చినవాటిని వదిలేసి, కాస్త బలం పుంజుకున్నాక మళ్ళీ కొట్టారు. మూడుసార్లు. మీకంటే బాగా వాటికి ఎవరూ పాఠం చెప్పలేరు," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఫాదర్ మెలితోన్ మర్యాద తెలిసినవాడు. తాబేలును దీవించడానికి అటు తిరిగాడు.

ఒంటిగంటకు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవి కడిగి, లైటు వేసి చాలాసేపు చూసింది. హెర్మీనియా పోసోలే తల పట్టుకుని నిలబడింది.

"వాపు కాస్త తగ్గింది. మీ అందరి పుణ్యాన కాదు, మీ అందరినీ తట్టుకుని," అంది డాక్టరమ్మ. "కోత ఇప్పుడు వద్దు. రేపటి నుంచి మళ్ళీ ఒకటో రోజు. ఇరవై ఎనిమిదీ పూర్తి కావాలి, తగ్గినట్టు కనిపించినా సరే. ఒక్క మనిషి చెయ్యే పడాలి. ఎవరో మీరే తేల్చుకోండి."

మూడింటికి అందరూ భోజనానికి కూర్చున్నారు. రాజ్మా, రొట్టెలు, పచ్చడి. హెర్మీనియా తన రొట్టె మడిచి పక్కన పెట్టింది.

"రేపటి నుంచి చుక్కలు అత్తయ్య వేస్తారు," అంది, ఉప్పు అందివ్వమన్నంత మామూలుగా.

నాయెలి నమలడం ఆపేసింది. "సదాపాకు పెట్టిన నానమ్మా?"

"ఆ నానమ్మే. ఆవిడ మొదలుపెట్టిన నొవేనా ప్రార్థన మధ్యలో ఆపడం నువ్వెప్పుడైనా చూశావా? నాలుగో రోజుకే కోరిక తీరినా తొమ్మిది రోజులూ మోకాళ్ళ మీదే ఉంటారు. నాకు ఆ ఓపిక లేదు. తగ్గిందనిపిస్తే మానేస్తాను, నా సంగతి నాకు తెలుసు."

ఎవరిస్తో తల్లి వైపు చూశాడు. దోన్యా చోనీతా వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంటోంది.

"ఇరవై ఎనిమిదంటే మూడు నొవేనాలు పోగా ఒక్క రోజు మిగులుతుంది," అంది. "ఆకు ముట్టుకోను, సరే. ఆ ఒక్క రోజూ దేనికి?"

"అది నా తప్పుకి, అత్తయ్యా."

దోన్యా చోనీతా కోడలి గిన్నెలో ఇంకో గరిటె రాజ్మా వేసి, దానికి ఒక్క రోజు చాలదేమో అంది.