తెరగుడ్డ తలపాగా

మా ఆయన ఒక దూరద్వీపపు రాజవంశీకుడని యావన్మందికీ మనవి చేసుకుంటున్నాను. ఆ ద్వీపానికి పేరు ఆయనా నేనూ భోజనాల దగ్గర కూర్చుని పెట్టాం కనుక సందేహానికి తావు లేదు.

అంతకు ముందు ఆయన మా వీధి మనిషే. మా జాతివాళ్ళు పెద్ద హోటలుకు వెనుక తలుపు గుండా వెళ్ళి గిన్నెలు తోమవచ్చు, దుప్పట్లు ఉతకవచ్చు. ఆయన అక్క, అంటే మా వదిన, నేనూ అక్కడే ఉతికేవాళ్ళం. ఆయన ఫిడేలు పట్టుకుని వెళితే మేనేజరు గారు వినకుండానే తీర్పు చెప్పారు.

"మీవాళ్ళ చేతిలో పని ఉంటుందోయ్. సంగీతం ఉండదు."

దాంతో హోటలువాళ్ళు పారేసిన ఎర్ర కిటికీ తెరను తెచ్చి రెండుగా చింపాను. ఒక సగం ఆయనకు తలపాగా అయింది. వారం తిరక్కుండా ముందు గుమ్మం గుండా వెళ్ళారు. ఒంటి రంగు అదే, ఫిడేలు అదే, పాటా అదే. మేనేజరు గారు తలపాగాను తాకి చూసి, "ఇలాంటి నేత మన దగ్గరెక్కడుందండీ" అన్నారట.

ద్వీపపు భాష రాకపోవడం చిన్న చిక్కు. ఆయన మా ఇంటి భాషే మాట్లాడేశారు. పదేళ్ళుగా మావాళ్ళ చేత గిన్నెలు తోమిస్తున్న మేనేజరు గారికి అందులో ఒక్క ముక్కా ఏనాడూ చెవిన పడలేదు పాపం. తేనెలా ఉందన్నారు. ఒకనాడు మా ఆయన వేదిక మీద "బూట్లు కరుస్తున్నాయి" అని మొత్తుకుంటే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. ఆయన తన అక్క ఇంటి గుమ్మం తొక్కడం మానేశారు. రాజవంశీకులకు బట్టలుతికే అక్కలుండరు కదా. ఆ సలహా నాదే. అక్షరాలు ఈమధ్య నేర్చాను గానీ, ఇలాంటి తెలివితేటలు నాకు మొదటినుంచీ ఉన్నాయి.

ఆయన పోయాక హోటల్లో సంతాపసభ పెట్టారు. తెర రెండో సగం భుజాన కప్పుకుని, నేను రాణినై ముందు వరుసలో కూర్చున్నాను. "ఆ ద్వీపజాతి సంస్కారాన్ని చూసి మన ఊళ్ళో గిన్నెలు తోమే ఆ జాతివాళ్ళు సిగ్గు తెచ్చుకోవాలి" అని మేనేజరు గారు గంటసేపు ప్రసంగించారు.

అంతలో వంటింటి తలుపు తోసుకుని వదిన వచ్చింది. చేతులింకా తడిగానే ఉన్నాయి. పటం ముందు కూలబడి మా భాషలో ఏడ్చింది.

"ఒక్కసారి ఇంటికి రాలేకపోయావేంరా తమ్ముడూ."

"ఏమిటీ గోల" అన్నారు మేనేజరు గారు. తర్వాత నా వైపు వంగి, "ఈమె మీకు తెలుసా అమ్మా?" అని అడిగారు.

తల అడ్డంగా ఊపాను.

వదిన నా భుజం కేసి చూసి, మా భాషలోనే అంది. "చాల్లేవే. ఆ తెర పదేళ్ళు ఉతికినదాన్ని, నాకు తెలీదూ?"

ఆమెను వచ్చిన దారినే పంపించేశారు. మనసు చివుక్కుమన్న మాట నిజం. ఈలోగా మేనేజరు గారు నన్ను మా ద్వీపపు భాషలో రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, వంటింటి తలుపు దాకా వినబడేలా గొంతెత్తాను. "వదినా, తప్పయిపోయింది. బయట ఆగు, వస్తున్నా" అన్నాను.

సభంతా కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాను. మూడోసారి కాస్త రాగం కూడా పెట్టాను.

చప్పట్లు ఆగాక వెళ్ళి చూస్తే వదిన లేదు. ముందు గుమ్మం దగ్గర చాలాసేపు వెతికాను. ఆమె వెనుక తలుపు దగ్గర ఆగి ఉంటుందని నాకు తోచనే లేదు.