ఒంటి స్తంభం లైను

కరెంటు ప్రజలందరి సొత్తు. అది ఎప్పుడు ఉండకూడదో నిర్ణయించే హక్కు మాత్రం ప్రభుత్వానిది. ఈ రెండు సత్యాలూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా సాఫీగా సాగిపోతున్న 2012 వానాకాలంలో, ఎల్లారెడ్డిలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న బాలమల్లు మూడో సత్యం ఒకటి కనిపెట్టి అందరినీ ఇరకాటంలో పెట్టాడు.

అప్పటిదాకా అతని షాపు కూడా పద్ధతిగానే నడిచేది. కరెంటు పోగానే విరిగిన నాగళ్లు, ఊడిన గేట్లు, కాలు పోయిన కుర్చీలు షాపు ముందు వరుస కట్టేవి. మనుషులు చాయ్‌కి పోయేవారు, సామాన్లు వంతు కాసేవి. (నాగలిని దాటి కుర్చీ ముందుకు జరిగిందని ఒకసారి పోలీసు స్టేషన్ దాకా పోయారు. కుర్చీ తప్పేమీ లేదని తేలింది.) కరెంటు వచ్చిందంటే నలుగురి పని అయ్యేది, అయిదోవాడి పని సగంలో ఉండగా మళ్లీ పోయేది.

ఆ వరుసలో నిలబడలేని పని ఒకటి తెచ్చింది లింగంపేట దుర్గవ్వ. ఆమెకున్నది ఎకరంన్నర పొలం. దాన్ని దున్నడానికి వచ్చిన జైసింగ్ ట్రాక్టరు ఇనుప చక్రం బురద నడుమ విరిగి, బండి ఇరుసు దాకా దిగబడింది. చక్రం ఊడి రాదు, ట్రాక్టరు కదలదు, పొలం నిండా అది తప్ప ఇంకేమీ లేదు.

"నారుకు ఇరవై ఎనిమిది రోజులైనయి బిడ్డా," అంది దుర్గవ్వ, కొంగులోంచి ఒక నారు మొక్క తీసి బల్ల మీద పెట్టి. "ఇంకో వారం దాటితే ముదురుతది. ముదిరింది నాటితే గడ్డే తప్ప గింజ రాదు."

బాలమల్లు వలస పోయి బాలానగర్ కార్ఖానాలో నాలుగేళ్లు పనిచేసినవాడు. మీట నొక్కితే తీగ తనంతట తానే ముందుకు వచ్చి కరిగి అతుక్కునే మిషన్ అక్కడ చూశాడు. మూడు రోజులు కూర్చుని అలాంటిది తయారు చేశాడు. మూడు పాత ట్రాక్టరు బ్యాటరీలను ఒకదానికొకటి కలిపాడు. రంగు డబ్బాలో తీగ చుట్ట పెట్టాడు. ఆ తీగను ముందుకు తోయడానికి లారీ వైపర్ మోటారు, పట్టుకోవడానికి పాత డ్రిల్లింగ్ మిషన్ పిడి. మొత్తాన్ని మోపెడ్‌కు కట్టి, లింగంపేట పోయేముందు ఒక్కసారి సరి చూద్దామని షాపు ముందు మీట నొక్కాడు. నిప్పురవ్వలు లేచాయి. ఆ సమయానికి ఊరంతా కరెంటు కోతలో ఉంది. అదే అతను చేసిన తప్పు.

అటుగా పోతున్న లైన్‌మన్ జీవన్ సైకిలు దిగి, మోపెడ్‌తో సహా మిషన్‌ను విద్యుత్ కదలికల పర్యవేక్షణ విభాగానికి నడిపించుకుపోయాడు. (కరెంటు కదులుతున్నప్పుడు చూడటం ఈ విభాగం పని. కోత వేళల్లో సిబ్బందికి తీరిక ఎక్కువ.) అక్కడి అధికారి స్వామిదాసు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాకే కేసు చెప్పాడు.

"కోత టైముల కరెంటు వాడినవు. అంటే దొంగతనం."

"లేని కరెంటును ఎట్ల దొంగతనం చేస్త సార్?"

"గదే మాకు సుత అర్థమైతలేదు. అందుకే మిషన్ ఈడ పెట్టుకుంటున్నం."

బాలమల్లు ఓపికగా చెప్పాడు. కరెంటు ఉన్నప్పుడు షాపులో మీటరు మీదనే బ్యాటరీలు నింపుకుంటాడు. లేనప్పుడు దాన్నే తీసుకుపోయి పొలాల దగ్గర వాడతాడు. స్వామిదాసు ముఖం మొదట తేటబడింది, వెంటనే మునుపటికంటే గంభీరమైంది.

"అంటే ఎల్లారెడ్డి కరెంటును లింగంపేటకు పంపుతున్నవు. దాన్ని ఏమంటరో తెలుసా? లైను అంటరు. మంజూరు లేని లైను."

కొత్త లైను దరఖాస్తు పదకొండు పేజీలు. నాలుగో పేజీలో స్తంభాలెన్ని అని ఉంది. బాలమల్లు సున్నా వేశాడు. స్తంభాలు లేని లైను లైను కాదని, లైను కానిదానికి ఈ దరఖాస్తు చెల్లదని కామారెడ్డి డివిజన్ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. రెండోసారి జీవన్ సలహా మీద ఒకటి అని వేశాడు. ఆ స్తంభం ఎక్కడ పాతారని అడిగారు. పాతలేదు, అది తిరుగుతూ ఉంటుంది అని రాసిచ్చాడు. (తిరిగే స్తంభాలపై నిషేధమేదీ లేదని కామారెడ్డిలో రెండు రోజులు వెతికి నిర్ధారించారు.)

ఈలోగా దుర్గవ్వ రోజూ బీడీలు చుట్టే గంప ఒళ్లోంచి దించి బస్సెక్కి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒక నారు మొక్క తెచ్చి స్వామిదాసు బల్ల మీద పరిచేది. మొక్క ప్రతిసారీ ఒక వేలు మందం పొడుగు పెరిగేది. ఆయన రాతిగుండెవాడేం కాదు. ప్రతి మొక్కనూ స్కేలుతో కొలిచి, ఫైలుకు కుట్టి, అనుబంధమని రాసి సంతకం పెట్టేవాడు.

"సారూ, గది నారు. కాయితం కాదు," అంది దుర్గవ్వ నాలుగో మొక్కనాడు. బాలమల్లు అక్కడ నిలబడటానికి సిగ్గుపడి బయటికి వచ్చేశాడు. మిషన్ చేసినందుకు కాదు, దాన్ని నమ్ముకోమని ఆమెకు ఆశ పెట్టినందుకు.

నారుకు ముప్పై అయిదో రోజు పొద్దున మంజూరు వచ్చింది. మోపెడ్ వెనక తెల్ల రంగు మీద 'స్తంభం నంబరు 1' అని రాసి, పుర్రె బొమ్మ వేశారు. లైను మీద సిబ్బంది ఉండాలి కాబట్టి జీవన్ వెనక సీటు ఎక్కాడు. లింగంపేటలో నాటేసే ఆడవాళ్లు పన్నెండుమంది గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆ ఒక్కరోజే వాళ్లు దుర్గవ్వకు దొరికింది, మరునాటి నుంచి వేరేవాళ్ల పొలాలు. చక్రం అతికితే మధ్యాహ్నానికి దున్నుడు, సాయంత్రానికి నాటు.

బాలమల్లు మోకాలి లోతు బురదలో దిగి మీట నొక్కాడు. తీగ తనంతట తానే వచ్చింది. చక్రానికి విరిగిన నాలుగు చువ్వల్లో మూడు అతుక్కున్నాయి. నాలుగోది సగమైంది. జీవన్ గడియారం చూసుకుని, వంగి, బ్యాటరీ క్లిప్పు పీకాడు.

"ఏంది జీవన్?"

"పదిన్నర అయింది అన్నా. కోతల పట్టీల నీ లైనును బీ గ్రూపుల ఏసిండ్రు. ఇప్పుడు కోత."

"బ్యాటరీల నిండ కరెంటున్నది గద."

"ఉన్నది అన్నా. ఉన్నదాన్నే గద కోసేది."

"మల్ల ఎప్పుడిస్తరు బిడ్డా?" అడిగింది దుర్గవ్వ.

"మాపటికి ఆరు దాటినంక వస్తది అవ్వా. వస్తే."

బాలమల్లు బురదలోంచే క్లిప్పు కోసం చెయ్యి చాపాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, జీవన్ కళ్లల్లో కూడా. క్లిప్పు మాత్రం జీవన్ జేబులోనే ఉంది. ఆడవాళ్లు ఒంటిగంట దాకా చూసి లేచిపోయారు. దుర్గవ్వ కొడవలి తెచ్చి నారుమడి మొత్తం కోసి బర్రెకు వేసింది.

వారం తిరక్కుండానే కామారెడ్డి నుంచి బాలమల్లుకు ప్రశంసాపత్రం వచ్చింది. డివిజన్ మొత్తంలో కోతను నిమిషం కూడా తేడా లేకుండా అమలు చేసిన లైను అదొక్కటేనట.