సాక్సక్క బొటనవేలు

ఆ ఉదయం సాక్సక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. బొటనవేలికి బ్యాండేజీ చుట్టుకుని చెప్పుల కొట్టుకు వెళ్ళాలి, సాయంత్రానికి ఫ్లోర్ ఇన్‌ఛార్జి అయి తిరిగి రావాలి. కొట్టులో ఆమెది తొమ్మిదేళ్ళ అనుభవం. గోటికి ఫంగస్ పట్టి, పసుపురంగు తిరిగి మందంగా తయారైనప్పటి నుంచి, అంటే రెండేళ్ళుగా, మండుటెండలోనూ సాక్సూ బూట్లే; ఆ పేరూ అలా వచ్చిందే. ఇంట్లో ఫోటో తీస్తామంటే కుర్చీ వెనక్కి చేరేది.

కొత్త చెప్పులు వచ్చిన రోజున సిబ్బంది అవే తొడుక్కుని అమ్మాలన్నది కొట్టు పద్ధతి. ఇన్నాళ్ళూ ఆ రోజుల్లో ఆమె గోడౌన్‌లో దూరేది. ఈసారి ఓనరు మెలిక పెట్టాడు: ఎవరెక్కువ జతలు అమ్మితే వాళ్ళే ఇన్‌ఛార్జి.

"మందు వాడుతున్నావుగా, నిజం చెప్పేయరాదూ?" అన్నాడు భర్త.

"ఇంకా నయం! గుమ్మం తగిలిందంటాలెండి."

ఆ మాట చెప్పే అవకాశమే రాలేదు. మొదటి బేరానికొచ్చిన పెద్దావిడ ముందు బ్యాండేజీని, తర్వాత చెప్పును చూసింది. "అయ్యో అమ్మాయ్, కొత్త చెప్పు కరిచిందా?" అంటూ చేతిలో జతను వేడి గిన్నెలా వదిలేసింది.

"రక్తం కూడా కారిందట!" అంది వెనకావిడ. ఆ మాట క్యాష్ కౌంటరు చేరేసరికి మూడు కుట్లు పడ్డాయి. కొన్నవాళ్ళు కూడా వాపసు తెచ్చారు.

ఓనరు చెమటలు కక్కుతూ వచ్చాడు. "కొంప ముంచావు తల్లీ! లోపలికి పోయి దాక్కో!"

సాక్సక్క గోడౌన్ తలుపు వంక చూసింది. రెండేళ్ళు చాలనిపించింది. నడిమధ్య స్టూలు వేసుకుని కూర్చుని, అందరి ముందూ బ్యాండేజీ ఊడబీకింది.

"చెప్పు తప్పేం లేదండీ. నా గోటికి ఫంగస్. డాక్టరు మాత్రలిచ్చారు, అడుగునుంచి కొత్త గోరొస్తోంది. బూట్లలో నరకం చూశాను. ఈ చెప్పైతే గోటికి తగలనే తగలదు."

పెద్దావిడ అటూ ఇటూ చూసి, పక్క స్టూలు లాక్కుని, మెల్లగా బూటు విప్పింది.

"నాది చూడు. నీదే నయం."

"కాస్త జరగండమ్మా, నాకు రెండు కాళ్ళకీనూ," అన్నాడొక మాస్టారు.

"ఏ డాక్టరు?" "ఎన్నాళ్ళు వాడాలి?" ప్రశ్నల వర్షం కురిసింది. జవాబులు చెబుతూనే సాక్సక్క కొలతలు తీసింది. మధ్యాహ్నానికి అరలు ఖాళీ.

సాయంత్రం ఆమెకు ఇన్‌ఛార్జి బ్యాడ్జీ అందించి, ఓనరు మిగతా సిబ్బంది శుభ్రమైన కాళ్ళ వంక చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఇది వీళ్ళకి కూడా అంటుకుంటుందా?" అని ఆశగా అడిగాడు.